ఎవరిని ఏం అడిగారు

బుధవారం ఉదయం పదకొండూ ఐదుకి తొమ్మిదో తరగతి లెక్కల పీరియడ్ అయిపోయింది. పదకొండూ ఏడుకి టీచరు చేతికి ఒక కాగితం వచ్చింది. దాని మీద తరగతి గది బొమ్మ. నలభై గళ్లు, ఒక్కో గడికి ఒక్కో పేరు, పేరు కింద గీతలు. అడుగున మొత్తం వేసి ఉంది. ప్రశ్నలు: మగపిల్లలకు ఇరవై తొమ్మిది, ఆడపిల్లలకు మూడు. పనులు: మగపిల్లలకు సున్నా, ఆడపిల్లలకు తొమ్మిది.

గీసింది శిక్షణ కాలేజీ నుంచి ఎనిమిది వారాలకని వచ్చిన అమ్మాయి. పిల్లలు కొత్త మేడమ్ అంటారు. ఇదివరకు వచ్చినవాళ్లు వెనక బెంచీలో కునికిపాట్లు పడి వెళ్లేవాళ్లు. ఈ ఏడు కాలేజీ పద్ధతి మార్చింది. బడి టీచరూ శిక్షణకొచ్చిన టీచరూ కలిసి పాఠం చెప్పాలి. ఒకరు చెబుతుంటే రెండోవారు ఒక్క విషయం చూసి రాసుకోవాలి. తర్వాత తారుమారు. ఏం చూడాలో పాఠం చెప్పేవారే ముందుగా రాసి సంతకం చెయ్యాలి. ఈ కాగితాలను బట్టి, మార్గదర్శకులుగా, మార్కులు వేసేది బడి టీచర్లే. వారం మొత్తానికి కావలసిన కాగితాల మీద టీచరు ఆదివారమే ఖాళీగా సంతకాలు పెట్టేసింది, ఒక చేత్తో గరిటె తిప్పుతూ. సోమవారం వాటిని అమ్మాయికిచ్చి, "ఏదో ఒకటి చూడమ్మా, నీ ఇష్టం" అంది.

"పనులేంటి ఇందులో?"

"బోర్డు తుడువు, చార్టు పట్టుకో, పుస్తకాలు పోగు చెయ్యి, కిటికీ వెయ్యి. మీరన్నవే మేడమ్."

"నన్ను లెక్కపెట్టమన్నానా?"

"ఏదో ఒకటి చూడమన్నారు."

"ఎదురు చెప్పకు."

అమ్మాయి ఎదురు చెప్పలేదు. కాగితం వెనక్కీ తీసుకోలేదు.

టీచరుకు ఒళ్లు మండింది. చదువు మాన్పించిన ఆడపిల్లల ఇళ్లకు తను వెళ్లింది. గుమ్మాల్లో నిలబడి తండ్రులతో వాదించింది. ఏడుగురిని వెనక్కి తెచ్చింది. ఆ ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడు ఇదే తరగతిలో ఉన్నారు. వాళ్ల గళ్లు వెతికింది. ఒక గడిలో ప్రశ్నలు లేవు, పనులు రెండు. రెండో గడి ఖాళీ.

కాలేజీకి వెళ్లే ప్రతి కాగితం ముందు హెడ్‌మాస్టరు చూడాలి. మధ్యాహ్నం ఇది చూసి ఆయన టీచరును పిలిపించాడు. గదిలో ఇద్దరు మాస్టర్లున్నారు.

"రండి మేడమ్. వచ్చారుగా, ఆ కప్పులు కాస్త ఇటు అందించండి."

ఆమె అందించింది. అందించాక తెలిసింది, అందించినట్టు.

"ఇది కాలేజీకి వెళ్తే బడి పరువేం కాను? ఆ పిల్ల చేత ఇంకో కాగితం రాయించండి. రాయనంటే మార్కులు యాభైకి ఇరవై వెయ్యండి. వచ్చే ఏడు శిక్షణ మళ్లీ చేసుకుంటుంది."

"సార్ మీ మంచికే చెబుతున్నారు మేడమ్" అన్నాడు ఒక మాస్టరు. "లేకపోతే మమ్మల్ని కూడా లెక్కపెడుతుంది."

ముగ్గురూ నవ్వారు.

బడి వదిలాక మెట్ల దగ్గర అమ్మాయి ఎదురైంది. సంగతి అప్పటికే తెలిసింది.

"ఇంకో ఏడాదంటే మా ఇంట్లో పంపరు మేడమ్. సమానంగా రాసిచ్చేస్తాను."

టీచరు వెళ్లి బస్సెక్కింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె మొదటిసారి లెక్కపెట్టింది. భర్త కొడుకును అడిగాడు: "ఏరా, లిఫ్టు తాడు తెగితే ఏమవుతుందో చెప్పు చూద్దాం." కూతుర్ని అడిగాడు: "ఆ గిన్నె ఇలా జరుపు." అత్తగారు మనవణ్ని పెద్దయ్యాక ఏమవుతావని అడిగింది, మనవరాల్ని తన మాత్రల డబ్బా అడిగింది. ఇంతలో ఇంకో గొంతు వినిపించింది: "చిన్నమ్మలూ, నీళ్లు." కూతుర్ని పిలిచిన ఆ గొంతు తనదే.

కాగితం సంగతి చెప్పింది. భర్త నవ్వాడు.

"సంతకం కోసం నీ చుట్టూ తిరిగేది నీకు పాఠం చెబుతోందా? ఇరవై వేసి వదిలించుకో. అయినా ఆడపిల్లలకి పని చెప్పడం కూడా తప్పేనా?"

"మా కోడలికి ఏనాడైనా పని చెప్పానా నేను?" అంది అత్తగారు. "చెప్పక్కర్లేదు. చూస్తే చాలు, చేసేస్తుంది."

పెళ్లయిన కొత్తలో ఆ మాట విని ఆమె పొంగిపోయింది. అంతకుముందూ అంతే. తను చదువుకునే రోజుల్లో లెక్కల్లో ఫస్టు తనే. మాస్టారు బోర్డు దగ్గరికి మగపిల్లల్ని పిలిచేవాడు. తన చేత క్లాసు పుస్తకాలన్నీ స్టాఫ్ రూముకు మోయించేవాడు. దాన్ని నమ్మకం అనుకుంది. చేతులు లాగుతున్నా ఇంకెవరికీ ఇచ్చేది కాదు. ఇరవై రెండేళ్లుగా అదే నమ్మకాన్ని పిల్లలకు పంచుతోంది. అందరికీ కాదు, సగం మందికి. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో వెతుక్కుంటే ఆ వరసలో మాస్టారున్నాడు, అత్తగారున్నారు, కప్పుల కోసం చెయ్యి చాచిన హెడ్‌మాస్టరున్నాడు. చివర్లో చాక్‌పీసు పట్టుకుని తనూ ఉంది. ఆ అమ్మాయి మాత్రం లేదు.

గురువారం పీరియడ్ మొదలవకముందే ఆమె ఒక కాగితం తీసుకుంది. ఏం చూడాలో తనే రాసింది: ఎవరిని ఏం అడిగారు. సంతకం పెట్టి అమ్మాయికిచ్చింది.

"ఉన్నది రాయి. సమానం చెయ్యకు."

నలభై నిమిషాలు ఒళ్లు దగ్గర పెట్టుకుని పాఠం చెప్పింది. చెయ్యెత్తిన మగపిల్లల్ని ఆగమంది. ఆడపిల్లల్ని పేరుపెట్టి లేపింది. గంట కొట్టేసరికి, ఇవాళ ప్రశ్నలు ఆడపిల్లలకే ఎక్కువ పోయాయేమో అనిపించింది. ఒక కుర్రాడు అననే అన్నాడు: "మేడమ్, ఇవాళ అన్నీ వాళ్లకేనా?"

అమ్మాయి కాగితం ఇచ్చింది. ప్రశ్నలు: మగపిల్లలకు పంతొమ్మిది, ఆడపిల్లలకు పది. పనులు: మగపిల్లలకు సున్నా, ఆడపిల్లలకు నాలుగు.

ఆ నాలుగూ ఎప్పుడు చెప్పిందో టీచరుకు గుర్తులేదు.

"మళ్లీ లెక్కపెట్టు."

"రెండుసార్లు లెక్కపెట్టాను మేడమ్."

శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆమె హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లింది.

"ఇంకో కాగితం రాయించారా?"

"రాయించాను సార్."

ఆయన రెండు కాగితాలూ చూశాడు. రెండో దాని కింద మార్గదర్శక టీచరు అభిప్రాయం రాసే చోట ఆమె చేతిరాత ఉంది. పైకే చదివాడు: "రెండు లెక్కలూ నిజం. మొదటి రోజు నాకు తెలియదు. రెండో రోజు తెలిసి కూడా ఇంతే చెయ్యగలిగాను. ఇంకొకరు చూస్తేనే ఇది బయటపడింది. మిగతా టీచర్ల తరగతుల్లోనూ ఈ లెక్క తియ్యాలి."

"మిమ్మల్ని మీరే రోడ్డున పెట్టుకుంటున్నారు. మార్గదర్శకుల జాబితాలోంచి మీ పేరు తీసెయ్యాల్సొస్తుంది."

"తీసెయ్యండి సార్. ఈ అమ్మాయిది మాత్రం పంపండి."

సోమవారం మార్గదర్శకుల జాబితా గోడకు అంటించారు. అందులో ఆమె పేరు లేదు. అమ్మాయి ఫైలు అప్పటికే కాలేజీకి చేరింది. కాగితాలు రెండూ ఉన్నాయి. మార్కులు యాభైకి నలభై ఏడు.