బోధన్ లేని శనిగ్రహం

ఏడు గంటల పదకొండు నిమిషాలకు కెప్టెన్ జయసింహ చనిపోయాడు. పన్నెండో నిమిషంలో నిజామాబాద్ గాజుల్‌పేటలో ఒక రబ్బరు చెప్పు ఎగిరొచ్చి టీవీకి తగిలింది.

చెప్పు రేణుకమ్మది. టీవీ ప్రమీలమ్మది.

"జయసింహ సచ్చుడేంది అక్కా?" రేణుకమ్మ దిగ్గున లేచింది. ఒళ్లో ఉన్న చాట బోర్లాపడి తంబాకు చాప నిండా చిందింది. "బుక్కుల గిట్ల లేదు గద! బతికొచ్చి లగ్గం గూడ చేస్కుంటడు గద!"

"ఇద్దరు బిడ్డలు గూడ," తునికాకు కత్తిరిస్తూనే గుర్తు చేసింది ధనలక్ష్మి. "పెద్దదానికి పుట్టెంటికలు గూడ తీసిండ్రు, శని మీద."

చాపల మీద కూర్చుని బీడీలు చుడుతున్న పన్నెండు మంది ఆడవాళ్లూ ఒక్కసారిగా ప్రమీలమ్మ వైపు తిరిగారు. పుస్తకం సంగతిలో ఆ గల్లీకి ఆమె మాటే తీర్పు.

ప్రమీలమ్మ తల ఎత్తలేదు. అప్పటికే దారం చుట్టిన బీడీకి మళ్లీ దారం చుడుతోంది.

"టీవీలోళ్లు మారుస్తరు," అంది చివరికి. "వాళ్ల ఇష్టం."

పచ్చి అబద్ధం. టీవీవాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు. 'వలయాల లోకం' రెండో భాగం నూట పద్నాలుగో పేజీలో కెప్టెన్ జయసింహ నిక్షేపంగా చనిపోతాడు. శవం కూడా దొరకదు.

మార్చింది ప్రమీలమ్మ.

*

'వలయాల లోకం' అంటే ఐదు నవలలు. యాభై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో వచ్చి, ఆ తర్వాత పుస్తకాలయ్యాయి. మనుషులు నౌకలో శనిగ్రహం దాకా వెళ్లి, దాని వలయాల మీద ఊళ్లు కట్టుకునే కథ. ఇప్పుడు ఒక చానల్ దాన్ని సీరియల్‌గా తీసి సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఏడింటికి వేస్తోంది. రాష్ట్రంలో తలా ఒక మాట అంటున్నారు. గ్రాఫిక్స్ చవకగా ఉన్నాయని కొందరు, ఆక్సిజన్ అయిపోతున్నా హీరోయిన్ లిప్‌స్టిక్ చెదరలేదని కొందరు. ఆ నవలలు చదివిన పెద్దవాళ్లు మాత్రం మక్కీకి మక్కీ తీశారని కళ్లు తుడుచుకుంటున్నారు.

గాజుల్‌పేట గొడవ వేరు. ఈ గల్లీలో ఆ నవలలు ఎవరూ చదవలేదు. అందరూ విన్నారు.

ముప్పై రెండేళ్లుగా పద్ధతి ఒకటే. మధ్యాహ్నం తిండ్లు అయ్యాక బీడీలు చుట్టేవాళ్లంతా చాటలు పట్టుకుని ప్రమీలమ్మ ముందుగదికి చేరతారు. పదో తరగతి చదివిన ప్రమీలమ్మ పుస్తకం తెరుస్తుంది. పుస్తకం పట్టిన చేతులు బీడీలు చుట్టలేవు కాబట్టి, వినేవాళ్లు తలా ఒక కట్ట చుట్టి ఆమె గంపలో వేస్తారు. ఐదో భాగం అయిపోగానే మళ్లీ మొదటిది. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా పట్టేసుకునేంతగా గల్లీకి ఆ కథ కంఠతా వచ్చేసింది.

మొదట్లో ప్రమీలమ్మ ఉన్నది ఉన్నట్టే చదివింది. మొదటి భాగం మధ్యలో హీరోయిన్ తండ్రి, పెద్ద సైంటిస్టు, చనిపోయాడు. గదంతా ముక్కులు చీదింది. ఏడుస్తూ చుట్టిన బీడీ ఎలా ఉంటుంది? వదులుగా ఉంటుంది. మర్నాడు కార్ఖానాలో బీడీలు పరీక్షించే చెకర్ గంపలకు గంపలు పక్కకు నెట్టేశాడు.

"ఏమైందమ్మా మీ గల్లీకి, ఎవరన్న సచ్చిపోయిండ్రా?" అని అడిగాడు.

"అవు సారూ, సైంటిస్టు," అంది ధనలక్ష్మి.

ఆ రోజే ప్రమీలమ్మ ఒట్టు పెట్టుకుంది, తన నోటి మీదుగా ఇంకెవరూ చావకూడదని. ఆ మధ్యాహ్నమే హీరోయిన్ తండ్రి లేచి కూర్చుని మంచినీళ్లు అడిగాడు. మిగతా భాగాల్లో కలిపి నాలుగు వేల మందినీ ఒక ఉపగ్రహాన్నీ బతికించింది. అలవాటైన నోరు అక్కడితో ఊరుకుంటుందా? మరమనిషి లోహన్నకు ఆకలి పుట్టించి మక్క గటక తినిపించింది. శని వలయం మీద వెయ్యి మంది ఆడవాళ్లతో బతుకమ్మ ఆడించింది. వలయం ఉన్నదే అందుకని నమ్మించింది.

రేణుకమ్మ అప్పటికి పద్దెనిమిదేళ్ల కొత్తకోడలు. పుట్టిల్లు చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్, పాతిక కిలోమీటర్లు. ఆ పిల్లకు మాత్రం శనిగ్రహమంత దూరం. రోడ్డు మీద చెరుకు లారీ పోతే చాలు, కళ్లలో నీళ్లు. రెండో భాగం నడుస్తుండగా ఒకనాడు నౌకలో ఇంధనం అయిపోయింది. ఇంజనీరు ఏదో నీలి స్ఫటికం తీసినట్టు పుస్తకంలో ఉంది. ప్రమీలమ్మ తల ఎత్తి ఆ పిల్ల ముఖం చూసింది. నోటి వెంట స్ఫటికం రాలేదు.

"అప్పుడు ఇంజనీరుకు బోధన్ చక్కెర బస్తాలు గుర్తుకొచ్చాయి," అని చదివింది.

రేణుకమ్మ చేతిలో కత్తెర ఆగింది. "మా బోధనా?"

"ఇంకెన్ని బోధన్‌లు ఉన్నయే?"

ఆ గల్లీలోకి వచ్చాక రేణుకమ్మ నవ్వడం అదే మొదలు. తర్వాత ఆమె చుట్టిన బీడీ ఒక్కటీ వెనక్కి రాలేదు.

*

అందుకే సీరియల్ మొదలైన నాటి నుంచి ప్రమీలమ్మకు అన్నం సహించడం లేదు. రోజూ సాయంత్రం ఆమె గదిలో, ఆమె ఎదుటే, గల్లీ ఆ చానల్‌ను ఉతికి ఆరేస్తోంది.

"లోహన్నకు ఆకలైతలేదేంది? పది దినాలాయె, ఒక్క ముద్ద పెట్టలే."

"ఛార్జింగ్ పెడుతున్నరు గద."

"ఛార్జింగ్ తోని కడుపు నిండుతదా?"

"బతుకమ్మ గూడ తీసేసిండ్రు. వెయ్యి చీరెలకు పైసలు యాడికెల్లి తెస్తరు, పిసినారోళ్లు!"

రేణుకమ్మ కోడలు దీక్షిత ఇదంతా ఫోన్‌లో తీసి 'బీడీల గల్లీ రియాక్షన్' అని పెట్టసాగింది. చెప్పు టీవీకి తగిలే ముక్క ఒక్కదాన్నే రెండు లక్షల మంది చూశారు. ఆ అవ్వలకే డైరెక్షన్ అప్పగించండి అని వందల కామెంట్లు. ఎవరో ఒక పెద్దాయన, 'నవలలో కూడా చనిపోతాడమ్మా' అని రాశాడు. ప్రమీలమ్మ లేచి పుస్తకాల అలమర మూసింది.

"నువ్వు దొంగ నవల సదివినవ్ అని రాయి," అని రేణుకమ్మ కోడలికి చెప్పింది. దీక్షిత రాసింది. పెద్దాయన మళ్లీ కనిపించలేదు.

శుక్రవారం నౌకలో ఇంధనం అయిపోయింది. టీవీలో ఇంజనీరు పెట్టె తెరిచి నీలి స్ఫటికం తీశాడు. ప్రమీలమ్మ కళ్లు మూసుకుని చెప్పు కోసం ఎదురుచూసింది.

చెప్పు రాలేదు. రేణుకమ్మ కదలకుండా కూర్చుంది. యాడ్స్ మొదలయ్యాక సన్నటి గొంతుతో, "మా బోధన్‌ను తీసేసిండ్రు," అంది. అంతే. వంద చెప్పులు తగిలినా ప్రమీలమ్మకు అంత నొప్పి కలిగేది కాదు.

దీక్షిత అది కూడా పెట్టింది. బోధన్ చేరడానికి పది నిమిషాలు పట్టలేదు.

*

ఆదివారం పొద్దున ఆత్మారాం దిగాడు. రేణుకమ్మ పెద్దన్న. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి, అది మూతపడ్డాక ఊరి పనులన్నీ నెత్తిన వేసుకున్న మనిషి. చంకలో ఫైలు ఉంది. సంగతి తెలిసి పన్నెండు మందీ పొద్దున్నే చేరిపోయారు.

"నూట నలభై సంతకాలు," అన్నాడు ఆత్మారాం, ఫైలు మీద అరచేత్తో కొట్టి. "చానలోళ్లు బోధన్‌ను వాపస్ పెట్టాలె. లేకుంటే హైదరాబాద్ పోయి వాళ్ల గేటు ముంగట కూసుంటం. మా చక్కెర తోని శని దాకా పోయిండ్రని షిఫ్టు షిఫ్టుకు చెప్పిన నేను! గిప్పుడు హోటల్‌ల చాయ్ తాగుతుంటే పోరగాళ్లు నన్ను జూసి నవ్వుతున్నరు."

"మంచిగ జేసినవ్ అన్నా," అంది రేణుకమ్మ.

"ఒక్కటే తక్కువున్నది, ప్రమీల చెల్లె. గా పేజీ జిరాక్స్ గావాలె. సంతకాల ఎనుక పిన్ను కొడత."

ప్రమీలమ్మ గంపలో కట్టలు సర్దసాగింది. "బుక్కు... ఏ పెట్టెల పెట్టిన్నో అన్నా, ఎతకాలె."

"గిదే గద పెద్దత్తా?" దీక్షిత అలమరలోంచి రెండో భాగం తీసి ఆమె చేతిలో పెట్టింది. కొందరు కోడళ్లకు చురుకు మరీ ఎక్కువ.

"ముందుగాల సదువు చెల్లె, జెర పెద్దగ," అన్నాడు ఆత్మారాం, ఫోన్‌లో కెమెరా తెరుస్తూ.

పుస్తకం తెరుచుకుంది. గొంతు దానంతట అదే లేచింది. "చిమ్మచీకటిలో నౌక ఆగిపోయింది. చుట్టూ కోట్ల మైళ్ల దాకా దిక్కు లేదు. అప్పుడు ఇంజనీరుకు..."

"...బోధన్ చక్కెర బస్తాలు గుర్తుకొచ్చాయి!" పన్నెండు గొంతులు అందుకున్నాయి.

ఆత్మారాం కళ్లు చెమర్చాయి. "శబాష్! ఏ పేజీ?" అంటూ చెయ్యి చాచాడు.

చాచిన చెయ్యి గాలిలో అలాగే ఉంది. పుస్తకం ఇస్తే ముప్పై రెండేళ్ల పరువు ఈ చాప మీదే పోతుంది. ఇవ్వకపోతే? ఈయన హైదరాబాద్ పోతాడు. చానల్‌వాళ్లు అసలు పుస్తకం తెరిచి ముఖం మీద పెడతారు. అప్పుడు పోయేది బోధన్ పరువు. రేణుకమ్మ పరువు.

"పేజీ లేదన్నా," అంది ప్రమీలమ్మ.

"చింపిండ్రా? ఎవడాడు?"

"ఎవలు చింపలే. బోధన్ ఏ పేజీల లేదు. గది బుక్కు చెప్పలే. నేను చెప్పిన."

మొదట తేరుకున్నది ధనలక్ష్మి.

"మరి జయసింహ?"

"సచ్చిపోతడు. టీవీల లెక్కనే."

"లోహన్న గటక?"

"నాదే."

"పుట్టెంటికలు?"

"నావే."

"లగ్గంల మటన్ తక్కువ పడి మొగపిల్లగానోళ్లు అలిగిండ్రు గద?"

"గది మా మరిది లగ్గంల."

"గయితే బుక్కుల ఏమున్నదక్కా?"

"అందరు సచ్చిపోతరు. ఆఖరుకు వలయం గూడ పగిలిపోతది."

"థూ!" అంది ధనలక్ష్మి మనస్ఫూర్తిగా. "గదేం బుక్కు?"

ప్రమీలమ్మ తన గంపను చాప మధ్యకు తోసింది. "బుక్కు సదువుతున్ననని మీ కట్టలు తీస్కున్న. గిప్పటి సంది మీరు వెయ్యకుండ్రి. బుక్కు గూడ నేను పట్ట." అందరితో అన్నా, ఆమె చూస్తున్నది ఒక్క రేణుకమ్మనే.

రేణుకమ్మ చాటలోని తంబాకును వేలితో గీస్తోంది. "నేను రోజు ఏడుస్తుంటి గా దినాలల్ల," అంది మెల్లగా. "గందుకే పెట్టినవా, అక్కా?"

"గందుకే."

రేణుకమ్మ లేచింది. ప్రమీలమ్మ చూపు అప్రయత్నంగా ఆమె చెప్పుల వైపు పోయింది. కానీ రేణుకమ్మ తిరిగింది అన్న వైపు.

"ఇన్నవా అన్నా? నీ ఫ్యాక్టరీ కొరకు కాదట, నా కొరకట! షిఫ్టు షిఫ్టుకు చెప్పుకున్నవ్ గద, పోయి గిది గూడ చెప్పు. శని దాకా నౌక నడిచింది నా ఏడుపు తోని!"

గది పగిలిపోయేలా నవ్వు లేచింది. ధనలక్ష్మి చాప మీదే దొర్లింది. దీక్షిత ఫోను పట్టుకున్న చెయ్యి ఊగిపోయి సగం వీడియోలో ఫ్యానే పడింది.

"మరి గీ నూట నలభై సంతకాలు నేనేం జెయ్యాలె?" అన్నాడు ఆత్మారాం దీనంగా.

"పైన రాసింది కొట్టెయ్యి," అంది రేణుకమ్మ. "బుక్కుల లెక్క వద్దు, మా ప్రమీలక్క సదివినట్టు తియ్యుండ్రి అని రాయి. నా ఏలిముద్ర గూడ తీస్కో." కాలితో గంపను మళ్లీ ప్రమీలమ్మ ముందుకు తోసింది. "గంప ఏడ ఉండేది ఆడనే ఉండాలె."

"ఒక్క మటన్ ముచ్చటకే నా కట్ట ఇయ్యచ్చు," అంది ధనలక్ష్మి, ఇంకా కళ్లు తుడుచుకుంటూ.

*

సోమవారం ఏడు గంటలు. టైటిల్స్ పడుతుండగా దీక్షిత రిమోట్ నొక్కి టీవీ గొంతు మూసేసింది. ముందుగది కిక్కిరిసి ఉంది. పక్క గల్లీవాళ్లు కిటికీ ఊచలు పట్టుకున్నారు. ఆత్మారాం బోధన్ నుంచి బస్సులో వచ్చి, చాయ్ గ్లాసుతో గోడకు ఆనుకున్నాడు. ఫైలు కూడా తెచ్చాడు, ఎందుకైనా మంచిదని.

తెర మీద బొమ్మలు కదిలాయి. ప్రమీలమ్మ టీవీ పక్కన స్టూలు వేసుకుని, పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"జయసింహ ఏడి?" మొదటి ప్రశ్న రేణుకమ్మదే. "పోయిన మంగళారమే చంపిండ్రు గద?"

"గా ఎనుక, ముఖం కనపడకుండ టోపీ పెట్టుకున్నోడు ఎవరనుకున్నవే?"

"ఓయమ్మా!" పన్నెండు గొంతులు. ఆ టోపీ మనిషికి అది తెలియదు. పాపం, తలుపు దగ్గర నిలబడటానికి వచ్చిన మనిషి. ఆ సాయంత్రం గాజుల్‌పేట వాణ్ణి కళ్లకద్దుకుంది. లోహన్న వైర్లు తెగి కింద పడ్డాడు. గటక ఎక్కువై కునుకు తీస్తున్నాడని ప్రమీలమ్మ చెప్పింది. విలన్ చేతిలో మెరిసిన పలక బోధన్ చక్కెర బస్తాల రసీదని తేలింది. ఆత్మారాం చాయ్ గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. బీడీలు చకచకా బిగుతుగా పడుతున్నాయి.

అంతలో, చెప్పాపెట్టకుండా, నౌక పేలిపోయింది. తెరంతా నిప్పులు. ఎర్రగా, పచ్చగా, ముక్కలు ముక్కలుగా.

కత్తెరలన్నీ ఆగాయి. ముఖాలన్నీ ప్రమీలమ్మ వైపు తిరిగాయి. యాడ్స్ వచ్చేలోగా ఆమె చేతిలో ఉన్నది ఐదారు సెకన్లు.

"ఏం పరేషాన్ గాకుండ్రి," అంది ప్రమీలమ్మ. "గవి పటాకులు. జయసింహ చిన్నబిడ్డ లగ్గం."

రేణుకమ్మ ఊపిరి పీల్చుకుంది. చేతిలోని బీడీకి దారం బిగించి, కొనలు మడిచి, అనుమానంగా అడిగింది:

"మటన్ సరిపోయిందా అక్కా?"

"గీసారి మిగిలింది," అంది ప్రమీలమ్మ.