కుడి పక్క గోడ

ఒంటికన్నోడికి తిన్నగా ఏం కనిపిస్తుంది అని ఫహీం బజారులో నలుగురి ముందూ అన్న రోజునే షబీనా పళ్ళ బిగువున ఒక మాట అనుకుంది. అదే బజారులో, అదే నోటితో, అన్న చూపు కోసం వాడు దేబిరించేలా చెయ్యకపోతే తను జహీర్ పెళ్ళామే కాదని.

ఫహీం ఆమెకు మరిది. తెనాలిలో మామ అబ్దుల్ షుకూర్ పెట్టిన మెకానిక్ షాపులో అన్నదమ్ములిద్దరూ కలిసే పని చేసేవారు. జీపులకు పెద్ద స్ప్రింగులు వేసి ఎత్తు పెంచడంలో వాళ్ళకు పేరుండేది. రొయ్యల చెరువుల ఆసాములూ, బాపట్ల సముద్రపొడ్డున ఇసకలో బండి దూకించాలని సరదాపడే కుర్రాళ్ళూ వాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవారు. ఒకరోజు ఫహీం గ్రైండింగ్ మిషను పట్టుకుని పరాకుగా ఎటో చూస్తుంటే, ఎగిరిన ఇనప ముక్క జహీర్ ఎడమకంట్లో దిగింది. కన్ను పోయింది. పోగొట్టినవాడు అన్న కట్టు విప్పకముందే షాపు మధ్యలో ఒంటి ఇటుక గోడ లేపాడు. పని చేసే గుంట, కరెంటు మీటరు తన వైపు పడేలా చూసుకున్నాడు. మామగారి కుర్చీ కూడా అటే పడింది. పెద్దాయన నోరు మెదపలేదు.

కన్ను పోయినందుకు కాదు షబీనా మండిపడింది. ఆ తర్వాత వాడన్న ఒంటికన్ను మాటకి.

గుంటా కరెంటూ లేని తన సగాన్ని ఖాళీగా వదిలేసి, జహీర్ పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని రేపల్లెలో రోడ్డు పక్క రేకుల షెడ్డు వేసుకున్నాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే పాత అలైన్‌మెంట్ మిషను ఒకటి పెట్టి, వచ్చిన బండి చూసుకుంటూ, తిట్టినవాడిని తిరిగి తిట్టకుండా బతుకుతున్నాడు. ఆ తిట్టకపోవడమే షబీనాకు కడుపుమంట. మొగుడి వాటా కోపం కూడా తనే మొయ్యాల్సి వచ్చేది.

ఇంతలో ఒక వింత జరిగింది. తెనాలిలో ఫహీం ఎత్తు పెంచిన జీపులు ఒక్కొక్కటే రేపల్లె వచ్చి జహీర్ షెడ్డు ముందు ఆగసాగాయి. అన్నిటిదీ ఒకటే రోగం. కాస్త జోరు మీద ఉన్నప్పుడు గుంటలో పడితే చాలు, ముందు చక్రాలు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతున్నాయి, స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు.

ఒక బండి కిందనుంచి బయటికొచ్చి, జహీర్ షబీనా ఇచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు.

"దీనికీ కుడి పక్కే," అన్నాడు. "వచ్చిన ప్రతి బండికీ ఎడమ పక్క బాగానే ఉంది. కుడి పక్కే తప్పు."

"అంటే?"

"సైకిలు ముందు ఫోర్కు చూశావా, కాస్త వాలుగా ఉంటుంది. అందుకే చెయ్యి వదిలినా తిన్నగా పోతుంది. జీపు ఎత్తు పెంచితే ముందు చక్రాలను కలిపే యాక్సిల్ తిరిగిపోయి ఆ వాలు పోతుంది. బోల్టులు తిప్పి మళ్ళీ తేవాలి, అదీ రెండు పక్కలా సమానంగా. బండి బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి. గాలిలో వేలాడేటప్పుడు బిగిస్తే, కిందికి దించగానే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షు మెలిపడి చిరిగిపోతుంది. బండి వణక్క ఏం చేస్తుంది?"

"ఆ సంగతి ఫహీంకి తెలీదా?"

"నాకెంత తెలుసో వాడికీ అంత తెలుసు. కానీ గోడ ఉందిగా. గుంటలోంచి ఆ బోల్టు అందదు, కుడి పక్క మనిషి దూరే చోటు లేదు. జాకీ మీద లేపి, సందులోంచి చెయ్యి పెట్టి, గాలిలోనే బిగించేస్తున్నాడు." టీ గ్లాసు కింద పెట్టి ఫోను తీశాడు. "చెప్పేస్తాను. ప్రాణాలతో పని."

షబీనా ఫోను లాక్కుంది. ఇన్నాళ్ళకు దేవుడు తన చేతికి పగ్గం ఇచ్చాడనిపించింది ఆమెకు. వాడు కట్టిన గోడే వాడి పనిని వంకర చేస్తోంది!

"వాడు రావాలి. వచ్చి, భయ్యా నా బండ్లు ఎందుకు పాడవుతున్నాయి అని అడగాలి. అప్పుడు చెప్పండి. ముందే చెప్పారంటే ఖతీజా మీద ఒట్టే."

"పిల్ల మీద ఒట్లేంటి షబీ?"

"వేశాను. అయిపోయింది."

జహీర్ చెప్పలేదు. వచ్చిన బండినల్లా బాగు చేసి పంపాడు. రాని బండ్లు మాత్రం రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఎత్తు జీపు కనిపిస్తే చాలు షబీనా పిల్లను రోడ్డు వైపు నడవనిచ్చేది కాదు. ఇవతలి చేత్తో పిల్లను లాక్కుంటూనే, అవతల ఫహీం పేరు పాడవుతోందని మురిసిపోయేది. భయం, సంబరం, రెండూ ఒక్క కడుపులోనే.

బాపట్లలో పుట్టింటికి వెళ్ళి, ఖతీజాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తిరిగొస్తున్న రోజున ఆ రెండూ ఎదురెదురయ్యాయి. చెరుకుపల్లి దాటాక ఎదురుగా ఎర్ర జీపు వస్తోంది. మనిషి ఎత్తు చక్రాలు. రోడ్డు చెడిన చోట ఎగిరిపడింది. అంతే, ముందు చక్రాలు కొట్టుకుంటూ, బండి ఆ పక్కకీ ఈ పక్కకీ తన్నుకుంటూ నేరుగా ఆటో మీదికే వచ్చింది. ఆటో శివయ్య బండిని పక్క బురదలోకి దింపేశాడు. జీపు వెంట్రుకవాసిలో తప్పుకుని రోడ్డుకి అడ్డంగా ఆగింది.

ఖతీజా గుక్కపట్టింది. షబీనా పిల్ల తలా కాళ్ళూ తడిమి చూసుకుంది. ఒట్టు వేసిన తల ఇదే.

"ఏంటయ్యా బాబూ, అది బండా, భూకంపమా?" శివయ్య అరుస్తున్నాడు. "ఆడకూతురూ పసిబిడ్డా ఉన్నారు బండిలో!"

జీపులోంచి కుర్రాడొకడు దిగాడు. పేరు అనుదీప్ అట. "నేనేం చెయ్యలేదన్నా... దానంతటదే..."

వెనక అద్దం మీద ఫహీం షాపు స్టిక్కరు చూసింది షబీనా. తప్పులో తన పాలు ఉందని ఆమెకు తెలుసు. తెలిసినకొద్దీ కోపం ఫహీం మీదికే మళ్ళింది. జహీర్‌కు ఫోను చేసింది. "రండి. ఒట్టు తీసేశాను. కానీ ఈ బండి రేపల్లెలో బాగవ్వదు. తెనాలి పోదాం."

జహీర్ వచ్చి, జీపును తెనాలి దాకా నత్తలా నడిపాడు. జోరు లేకపోతే దానికి వణుకు రాదు. అనుదీప్ పక్కన కూర్చున్నాడు. వెనక శివయ్య ఆటోలో పిల్లను గుండెకు కరుచుకుని షబీనా.

తెనాలి బజారులో షాపు ముందు రెండు బండ్లూ ఆగేసరికి ఎదురుగా టీ కొట్టు సామ్రాజ్యమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమే షబీనా, దారి తప్పి వచ్చావా?"

"లేదు పిన్నీ. దారి తప్పిన బండిని తీసుకొచ్చా."

ఫహీం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అన్నను చూసి మూతి వంకర తిప్పాడు. "ఏంటి భయ్యా, రేపల్లెలో జాకీలు దొరకట్లేదా?"

"ఫహీం భాయ్, ఈ బండి నన్ను చంపబోయింది," అన్నాడు అనుదీప్. "ఆటోలో పిల్ల ఉంది."

"గుంటలో దూకిస్తే ఏ బండైనా ఊగుతుంది తమ్ముడూ. టైర్లు బ్యాలెన్స్ చేయించు."

"చేయించా. మీరు చెప్పినవన్నీ చేయించా."

"అయితే మధ్యలో ఎవడో వేలు పెట్టుంటాడు." ఫహీం కళ్ళు అన్న మీదికి తిరిగాయి. "చూపు ఆననోళ్ళు."

జహీర్ తల దించుకున్నాడు. షబీనా దించుకోలేదు. ఖతీజాను తీసుకెళ్ళి కుర్చీలో ఉన్న అబ్దుల్ షుకూర్ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"పట్టుకోండి మామయ్యా. మీరేం లేవక్కర్లేదు. కూర్చుని చూస్తుంటే చాలు. అలవాటేగా!"

గుంట పక్కన పడి ఉన్న సమ్మెట అందుకుని, గోడ అవతల ఖాళీగా ఉన్న తమ సగంలోకి నడిచింది. అది ఆమె అనుకున్నదానికన్నా బరువు. రెండు చేతులా ఎత్తి గోడ మీద వేసింది. ఇటుక ఒకటి లోపలికి దిగింది.

"భాభీ! పిచ్చి పట్టిందా?"

"గోడకి రెండు పక్కలుంటాయి ఫహీం భాయ్. నేను మా పక్క కొట్టుకుంటున్నా. మీ పక్క కూలితే నాకు సంబంధం లేదు." ఇంకో దెబ్బ. "నీ బండ్లన్నిటికీ కుడి పక్కే ఎందుకు పోతోందో తెలుసా? ఈ గోడ వల్ల! చెయ్యి దూరక గాలిలో బిగిస్తున్నావు. కాదను! అనుదీప్ బండి కిందకి అద్దం పెట్టి చూపించమంటావా బజారుకి? నా కూతురు చావాల్సిందిరా ఇవాళ!"

'మీరు' ఎప్పుడు పోయిందో, 'రా' ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలీదు. ఫహీం సమ్మెట పట్టుకోబోయాడు. శివయ్య అడ్డం నిలబడ్డాడు. "ఆగు బాబూ. ఆయమ్మకి అడ్డం వెళ్ళే కన్నా ఆ జీపుకి అడ్డం వెళ్ళడం మేలు." జనం నవ్వారు. ఫహీం మొహం ఎర్రబడింది, కానీ కాదనలేదు. కాదంటే అద్దం పెడతారు.

ఇటుకలు రాలాయి. ఒంటి ఇటుక గోడ, పునాది కూడా లేదు. జీపు ముందు చక్రం వచ్చే మేర బోర్లా పడింది. షబీనా అరచేతులు బొబ్బలెక్కాయి. జహీర్ సమ్మెట తీసుకుని పక్కన పెట్టి, ఇటుకలు ఏరి చోటు చేశాడు. జీపును లోపలికి తెచ్చి, నాలుగు చక్రాల మీదా నిలిపాడు.

అబ్దుల్ షుకూర్ మనవరాలిని ఎత్తుకునే లేచి నిలబడ్డాడు. గోడ లేచిన నాటినుంచి బజారు ఆయన గొంతు వినలేదు.

"దూరరా," అన్నాడు ఫహీంతో.

"అబ్బాజాన్, నలుగురూ చూస్తుంటే..."

"దూరు!"

ఫహీం పానా పట్టుకుని కుడి పక్క కొత్తగా తెరుచుకున్న చోట, ఇటుక పొడిలో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. జహీర్ ముందు వైపు గొంతుక్కూర్చుని యాక్సిల్‌కి వాలు కొలిచే మట్టం ఆనించాడు. ఆ పని ఎప్పుడూ ఇద్దరిదే. కింద ఉన్నవాడికి బోల్టు కనిపిస్తుంది, మట్టం కనపడదు. మట్టం చూసేవాడు చెప్పాలి, కిందవాడు తిప్పాలి. ఇన్నాళ్ళూ ఫహీం ఎవరి మాటా లేకుండా తిప్పుతున్నాడు.

బండి కింద పానా టిక్కుమని, ఆగింది.

"ఒంటికన్ను అన్నావుగా మరిదీ," షబీనా గొంతు ఇప్పుడు చల్లగా ఉంది. "తిన్నగా ఉందో లేదో చూడాలంటే ఎవరైనా ఒక కన్ను మూసుకోవాల్సిందే. మా ఆయనకి ఆ శ్రమ లేదు. అడుగు."

టీ కొట్టు దగ్గర పాలు పొంగి పొయ్యిలో పడుతున్నా సామ్రాజ్యమ్మ కదల్లేదు.

"భయ్యా..." కిందనుంచి సన్నగా వచ్చింది. "ఎటు తిప్పమంటావ్?"

జహీర్ నోరు తెరవబోయాడు. మనిషి మంచివాడు, వెంటనే చెప్పేసేవాడే. షబీనా వంగి, బొబ్బలెక్కిన చేత్తో అతని భుజం నొక్కింది.

"ఆగండి. టీ కొట్టు దాకా వినపడలేదు. ఇంకోసారి అడగనివ్వండి."