కొత్త పిస్తోలుకు పెట్టిన బొట్టు

స్వప్న కానిస్టేబులై రెండేళ్లు దాటింది గానీ, తుపాకీ కంటే పెన్ను పట్టిందే ఎక్కువ. ఠాణాలో ఫిర్యాదులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఇక లేవనిస్తేగా! ట్రైనింగులో పొడుగు తుపాకులు కాల్చింది, పిస్తోలు మాత్రం ముట్టింది లేదు. ఈ దసరాకు కొత్త పిస్తోళ్లు వచ్చాయి. పది గుండ్లలో ఆరు గురి బోర్డుకు తగిలితే కోదాడ రోడ్డు మీద తిరిగే పెట్రోలింగ్ బండి ఎక్కొచ్చని, లేకపోతే మళ్లీ ఆ బల్లేనని ఎస్సై తేల్చి చెప్పాడు.

ఆయుధపూజ నాడు ఎవరి పిస్తోలుకు వాళ్లే బొట్టు పెట్టుకున్నారు. మగవాళ్లు మొక్కుబడిగా పిడికి ఇంత కుంకుమ అంటించి వదిలేశారు. స్వప్న అట్లా వదిలే రకమా? కొత్త ట్రాక్టరైనా, కుట్టుమిషనైనా నుదురు వెతికి మరీ బొట్టు పెట్టే గరిడేపల్లి ఇంట్లో పుట్టింది. పిస్తోలుకు నుదురెక్కడ? పైన, వెనకవైపు, గురి చూసే చిన్న గాడి దగ్గర. అక్కడ గంధం, దాని మీద కుంకుమ నిండుగా పెట్టి మురిసిపోయింది.

మర్నాడు సూర్యాపేట అవతల గుట్ట కింద ఫైరింగ్. మొదటి ఐదు గుండ్లు ప్రాక్టీసుకు, తర్వాతి పదీ లెక్కకు. స్వప్న చేతులు చాచి ట్రిగ్గర్ నొక్కింది. ఐదూ కాల్చినా బోర్డు మీద ఒక్క చిల్లు పడలేదు. వెనకనున్న మట్టికట్ట నెత్తిన దుమ్ము మాత్రం లేచింది.

"ఆడోళ్ల చేతులు గంతే," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ బల్ల, ఆ ఫిర్యాదుల రిజిస్టరు స్వప్న కళ్ల ముందు కదిలాయి.

ఫైరింగ్ చూసుకునే హెడ్ కానిస్టేబుల్ దేవసహాయం వచ్చి, పిస్తోలు ఖాళీయేనని చూసుకుని కంటికెత్తి చూశాడు.

"బిడ్డా, నీకు గాడి కనిపిస్తున్నదా?"

"లేదు సార్. గంధం ఎండి అడ్డమొచ్చింది. దాని మీదికెల్లి సూసి కొట్టిన."

"గందుకే అన్ని పైకి పోయినయ్. మరి తుడవకపోయినవ్?"

"పూజల పెట్టిన బొట్టు ఎట్ల తుడుస్త సార్?"

దేవసహాయం ఆదివారం చర్చి తప్పని మనిషి. నవ్వుతాడేమోనని స్వప్న తల దించుకుంది. ఆయన నవ్వలేదు.

"తుడవొద్దులే. జరుపుదాం," అంటూ అగ్గిపుల్లతో గాడిలోని గంధాన్ని, కుంకుమను మెల్లగా ఎత్తి, తడి వేలితో పిడికి అంటించాడు. "ఇగ ముందటి మొనను గాడి నడుమ పెట్టు. పరేషాన్ గాకు. ఊపిరి ఇడిసి నొక్కు."

మొదటి గుండు బోర్డు అంచును కొరికింది. రెండోది లోపలికి జరిగింది. ఆ తర్వాత స్వప్నకు శబ్దమే వినిపించలేదు. అంతా అయ్యాక, నమ్మకం చాలక తానే వెళ్లి చిల్లులు వేలితో తడిమి చూసింది. ఎనిమిది! గట్టిగా అరవాలన్నంత సంతోషం వేసింది. అరవలేక, అరచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

ఎదురొచ్చిన ఎస్సై కంగారుపడ్డాడు. "ఏందమ్మా, నుదుటికి దెబ్బ తాకిందా?"

స్వప్న అరచెయ్యి చూసుకుంది. పిడి మీది కుంకుమంతా చేతికొచ్చింది.

"దెబ్బ కాదు సార్, బొట్టు."

ఎస్సై బోర్డు వైపు చూశాడు, మళ్లీ ఆమె నుదుటి వైపు చూశాడు.

"అయితే తుడుసుకోకు. పొద్దున ఆరింటికి బండి కాడ ఉండు."