పూడ్చనివ్వని గొయ్యి

బట్టల కంపెనీలో ఏడో నెల కడుపుతో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ చెల్లెలు వాంతి ఆపుకోలేక నేల మీద కూలబడింది. సూపర్‌వైజరు ముందుగా ఆమె చేతిలోని చొక్కా లాక్కుని మరక పడిందేమోనని చూశాడు.

"తీసుకెళ్లండి. ఈ బల్ల దగ్గరికి ఇంకొకరు రండి" అన్నాడు.

గుండీలు కుట్టే అక్క మిషను వదిలి పరుగెత్తుకొచ్చింది. చెల్లెలి కనురెప్ప ఎత్తి చూస్తే తెల్లగుడ్డంతా పసుపు. ఆ నెలలో కార్మికులుండే గదుల లైన్లలో కామెర్లు వచ్చిన గర్భిణుల్లో ఈమె మూడోది. మొదటి ఇద్దరూ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కను పక్కకు పిలిచింది.

"మీరు తాగే నీళ్లలో మురుగు కలుస్తోందమ్మా. ఈ కామెర్లు మిగతావాళ్లకి చాలావరకు వచ్చి తగ్గిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకి, అందులోనూ నెలలు ముదిరాక, లివరే చెడిపోతుంది. అందరినీ నీళ్లు కాచి తాగమను."

"గదిలో పొయ్యి వెలిగిస్తే కంపెనీవాళ్లు సామాను బయట పడేస్తారమ్మా. ఎక్కడ కాచుకోవాలి?"

మూడో రోజు చెల్లెలు అక్కను గుర్తుపట్టలేదు. "వస్తున్నా సార్, అయిపోవచ్చింది" అని గొణుగుతూనే ఉంది. మధ్యాహ్నం బిడ్డ కడుపులోనే పోయింది. పొద్దు వాలకముందే తల్లీ పోయింది.

మర్నాడు లైన్ల మధ్య అందరూ గుమిగూడారు. గొట్టాలు బాగుచేసే ముసలాయన చెప్పాడు. "పాయిఖానా గొట్టం పగిలి ఏడాదైంది. మంచినీళ్ల గొట్టం దాన్ని ఆనుకునే ఉంది. నాలుగుసార్లు రాసిచ్చాను. మేనేజరు చూద్దామన్నాడు."

ఎందుకు చూస్తాడు? ఆఫీసు మేడ మీద వాళ్లకు నీళ్లు సీసాల్లో వస్తాయి.

గుడ్డ కత్తిరించే ఆయన్ని అందరూ కత్తెర మామ అంటారు. ఆయన గొణిగాడు. "కొండను ఢీకొంటే పగిలేది మన తలే. నోరు మూసుకుంటే ఉన్న బతుకైనా మిగులుతుంది."

"నీ కోడలికి ఎన్నో నెల మామా?" అంది అక్క.

"ఐదు" అన్నాడు. లేచి, ముసలాయన చేతిలోని గునపం అందుకున్నాడు.

గొట్టం పగిలిన చోట, ఆఫీసు గుమ్మం ముందే తవ్వారు. ఆడవాళ్లు తట్టలతో మట్టి మోశారు. నడుము లోతులో రెండు గొట్టాలూ బయటపడ్డాయి. వాటి చుట్టూ నల్లటి నీరు ఊరుతోంది. ఆ కంపుకి మేడ మీద కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

పోలీసులు వచ్చారు. "కంపెనీ ఆస్తి పాడుచేశారు" అని అక్కను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు. వెనకే మట్టి నింపుకుని ట్రాక్టరు వచ్చింది. కామెర్ల చావుల మీద విచారణకు పట్నం నుంచి అధికారులు వచ్చేలోపు గొయ్యి పూడ్చాలట.

వ్యాను జాలీలోంచి అక్క చూస్తూనే ఉంది. కత్తెర మామ గోతిలోకి దిగి ఆ మురికిలోనే కూర్చున్నాడు. ఆయన పక్కన ముసలాయన. తర్వాత ఇస్త్రీ వాళ్లు, గుండీల వాళ్లు. గొయ్యి నిండిపోయి మిగిలినవాళ్లు గట్టు మీద చేతులు పట్టుకుని నిలబడ్డారు. షెడ్డులో ఒక్క మిషను చప్పుడు లేదు.

"మట్టి పోసెయ్ నాయనా" అన్నాడు కత్తెర మామ ట్రాక్టరు డ్రైవరుతో. "మా మీదే పోసెయ్."

"ఏం చూస్తున్నావురా, పోసెయ్" అని అరిచాడు మేనేజరు.

డ్రైవరు ఇంజను ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగి, గట్టు మీద వాళ్ల పక్కకు నడిచాడు.