రాజుగారి పెట్టుడు మీసం

నేను ఒక మీసాన్ని. పుట్టు మీసాన్ని కాను, పెట్టుడు మీసాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పుట్టు మీసానికి వయసొస్తే చాలు. నాకు పనితనం కావాలి, బంక కావాలి, పెట్టుకునేవాళ్లకు గుండె కావాలి.

నన్ను కట్టినవాడు తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టులో పనిచేసేవాడు. ఎవరో ఇల్లాలు మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాల్లోంచి మంచి వెంట్రుకలు ఏరి, సన్నటి వలగుడ్డ మీద ఒక్కొక్కటే ముడివేసి, కొసలు పైకి తిప్పాడు. మగతనమంటే నేనే అని లోకం దండం పెడుతుంది. నేనేమో ఓ ఆడకూతురి జడలోంచి ఊడిపడ్డాను. ఈ మనుషులతో ఏం మాట్లాడతాం!

నన్ను మొదట కొన్నవాడు లింగమూర్తి. ఆయన రాజు వేషగాడనుకునేరు, కాదు. రాణి వేషగాడు. స్టేజీ మీద చీర కట్టి కళ్లు తిప్పితే జిల్లా అంతా తలకిందులయ్యేది. ఆ వేషం కోసం మూతి నున్నగా గొరుక్కునేవాడు. దాంతో అత్తారింటికి వెళితే బావమరుదులు, ‘అక్కయ్య వచ్చింది, పీట వేయండి’ అని ఆడించేవాళ్లు. ఆ బాధ పడలేక నన్ను కొన్నాడు. నాటకంలో చీరకట్టి ఆడదయ్యేవాడు, ఇంట్లో నన్ను అంటించుకుని మగాడయ్యేవాడు. ఒకసారి అత్తారింట భోజనాల దగ్గర బంక సడలి పప్పుచారులో పడ్డాను. అత్తగారు నన్ను బొద్దింకనుకుని గరిటెతో రెండు వేసింది. కిందపడ్డా మీసాలకు మట్టి కాలేదంటారే, నా విషయంలో అది అక్షరాలా నిజం. మట్టి కాలేదు, కరివేపాకు అంటింది.

లింగమూర్తి పోయాక నేను ఆయన మనవరాలు సువర్చలకు దక్కాను. అప్పటికి లోకం మారిపోయింది. ఏ రాజు కావాలంటే ఆ రాజును యంత్రాలు అచ్చు గుద్దినట్టు పుట్టించి గదిలో నిలబెట్టేవి. నిజంలాంటివి చూసీ చూసీ జనానికి మొహం మొత్తింది. వేషం కావాలన్నారు. మగవాడు ఆడదైతే చూస్తాం, ఆడది మగవాడైతే చూస్తాం, ఉన్నది ఉన్నట్టు చూపడానికి నాటకమెందుకన్నారు. చివరికి పెళ్లిచూపుల్లో కూడా, అబ్బాయి చీర కడితే ఎలా ఉంటాడని అడగడం మర్యాదైపోయింది. రేపల్లె నాటక పరిషత్తు వాళ్లయితే నిబంధనే పెట్టారు: మగవేషం ఆడవాళ్లే వేయాలి, ఆడవేషం మగవాళ్లే వేయాలి.

సువర్చల రాజు వేషానికి పెట్టింది పేరు. ఆమె నా కొస తిప్పితే వెనక బెంచీల్లోవాళ్లు కూడా కాళ్లు దించి కూర్చునేవాళ్లు. వయసు మీదపడి మోకాళ్లు పట్టేశాయి, గొంతు బొంగురుపోతోంది, అయినా రాజు వేషం వదలదు. వదిలితే ఆమెకు ఇంకేం మిగలదని నాకు తెలుసు. ఇంట్లో ఆమె ఎవరికీ ఏమీ కాదు.

అలాంటి సమయంలో ముక్తేశ్వర్ అనే యువకుడు దిగాడు. ముక్కు కింద తుమ్మెదలు వాలినట్టు ఒత్తయిన పుట్టు మీసం. మగవాణ్ణే, మగవేషం వేస్తానంటాడు. పరిషత్తు అధ్యక్షుడు ఇందుశేఖరం మింగలేక కక్కలేక, నిబంధనను ఒక్క పూటకు సడలించి, పాత ఆచారం ఒకటి బయటికి తీశాడు. అదే మీసం పందెం. ఒకే వేషానికి ఇద్దరు పోటీపడితే ఇద్దరూ రాజు కొలువులోకి వస్తూ పాడే కొలువు పద్యం పాడాలి. ఓడినవాళ్ల మీసం స్టేజీ మీదే తీసేస్తారు, మళ్లీ జన్మలో రాజు వేషం కట్టకూడదు. సువర్చల సరేనంది. నా కొసలు వణికాయి.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ముందు ముక్తేశ్వర్ పాడాడు. గొంతు కంచుగంటే, ఒప్పుకుంటాను. కానీ జనం పడీపడీ నవ్వారు. మగాడిలా లేడన్నారు. నడక అతికినట్టు లేదన్నారు. న్యాయనిర్ణేత ఒకాయన స్టేజీ ఎక్కి అతని మీసం పట్టి లాగి చూశాడు. రాలేదు. బంక మరీ ఎక్కువ పెట్టాడని మార్కులు తగ్గించాడు.

తర్వాత సువర్చల నన్ను దువ్వుతూ వచ్చింది. ఈలలే ఈలలు. పద్యం సగంలో ఆమె గొంతు పూర్తిగా పోయింది. పెదవులు ఆడాయి గాని స్వరం రాలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలిసింది, జనం అరుపుల్లో ఎవరికీ వినబడలేదు. ఆమే గెలిచిందన్నారు.

మంగలి కత్తి నూరుకుంటూ వచ్చాడు. ముక్తేశ్వర్ బుద్ధిగా కుర్చీలో కూర్చుని సువర్చల వైపు చూశాడు.

"గొరిగించుకుంటాను అమ్మగారూ, పందెం పందెమే. కానీ ఒక్కమాట. చిన్నప్పటినుంచీ మిమ్మల్ని చూసే నేను మగాడిలా నడవడం నేర్చుకున్నా. మా నాన్న నడకెట్టా ఉండేదో నాకు గుర్తు కూడా లేదు."

కత్తి నాలుగుసార్లు ఆడింది. పాపం, ఆ పుట్టు మీసం తువ్వాలులో పడింది. మా జాతి కాకపోయినా మీసం మీసమే. అతని మొహం చంటిపిల్లాడిదైపోయింది.

అప్పుడు సువర్చల చెయ్యి పైకి లేచింది. నా కొస పట్టుకుంది. ఒక్క లాగు లాగింది. అయ్యో, ఏం చేస్తోందీ మనిషి అనుకునేలోపే ఊడి ఆమె అరచేతిలో ఉన్నాను. వెచ్చగా ఉన్న నన్ను అతని మూతికి అద్ది, రెండు వేళ్లతో నొక్కింది.

"నా పద్యం సగంలోనే చచ్చిపోయింది నాయనా. నువ్వు మొత్తం పాడావు. ఓడింది నేనే. పెట్టుకుని మళ్లీ అందుకో" అంది, గాలే తప్ప స్వరం లేని గొంతుతో.

ఇందుశేఖరం పరుగెత్తుకొచ్చి, పందెం అయిపోయింది, ఇక మగవాడు మగవేషం కట్టకూడదని నిబంధన చదవబోయాడు. అతికించినది ఏదైనా వేషమే కదయ్యా, అతనికిప్పుడు సొంతది ఏముందని సువర్చల అడిగింది. ఆయన బుర్ర గోక్కున్నాడు. న్యాయనిర్ణేతలు గుసగుసలాడుకుని, పెట్టుడు మీసం కాబట్టి అభ్యంతరం లేదన్నారు. ఆమె మెట్లు దిగి మొదటి వరుసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది.

ముక్తేశ్వర్ అదే పద్యం, అదే గొంతుతో, అదే నడకతో పాడాడు. ఇందాక నవ్విన జనమే లేచి నిలబడ్డారు. మగాడంటే వీడురా అన్నారు. నా పెదవి కొత్తది, వణుకు కొత్తది, నాకేమీ పట్టలేదు. నేను ముందు వరుసలోకి చూస్తున్నాను.

ఇన్నేళ్లూ ఆమె మొహం మీదే ఉన్నాను గాని, ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు. అద్దంలో చూసినప్పుడల్లా నాకు రాజే కనబడేవాడు. ఇప్పుడు చూశాను. చిన్న మొహం. బంక రాసీ రాసీ పై పెదవి మీద చర్మం కంది, మీసం ఆకారంలో ఎర్రగా ఉంది. ఆమె ఏడుస్తూనే, పోయిన గొంతుతో, అందరికంటే ముందు వన్స్‌మోర్ అంటోంది.