ఆల్పైన్ కారు అద్దం

అరవై దాటిన మనిషి బొమ్మ కారును సోఫా చేతి మీద పెట్టి, నోటితో డుర్రుమని శబ్దం చేస్తూ తోలాడంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, ఆ మనిషిని నేనే. నవ్వితే నాకు పోయేదేమీ లేదు. ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటేనే ఈ రోజుకీ అన్నం సయించదు.

నేనూ దామోదరమూ తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులు తోలినవాళ్లం. ఇరవై ఆరేళ్లు ఒకే డిపో. రిటైరయ్యాక నన్ను మోకాళ్ల నొప్పులు పట్టుకుంటే, వాణ్ణి ర్యాలీ కార్లు పట్టుకున్నాయి. నిజం కార్లు కాదులెండి. వెనకటి రోజుల్లో కొండదారుల్లో, మంచులో, బురదలో పందేల్లో పరుగెత్తిన కార్లకు అచ్చు గుద్దినట్టు లోహంతో పోతపోసిన చిన్న మోడళ్లు. అరచేతిలో ఇమిడిపోతాయి. లాన్సియా, ఫియట్, మినీ కూపర్, ఎస్కార్ట్ అని పేర్లు చెప్పుకుంటూ పోతాడు. "మనం తిప్పిన మలుపుల్లాంటివే అప్పా, ఇవీ తిరిగినాయి" అంటాడు. తిరుపతిలో వాడింటి హాల్లో అద్దాల బీరువా నిండా నలభై మూడు కార్లు. అందులో వాడి ప్రాణం నీలం రంగు ఆల్పైన్. రెండేళ్లు వెతికి సంపాదించాడు. దాని డ్రైవరు వైపు అద్దం బియ్యపు గింజలో సగం ఉంటుంది.

ఆ ఇంట్లో ఆయుధపూజకు స్కూటరుతో పాటు ఈ నలభై మూడింటికీ పూజ జరగాల్సిందే. బండి అన్నాక పెద్దదేమిటి, చిన్నదేమిటి? వాడి భార్య లోకేశ్వరి ఒక్కొక్క కారునూ మెత్తటి బ్రష్షుతో తుడిచి, కింది చెక్కపీట మీద ఆవగింజంత కుంకుమ పెడుతుంది. ఆమెది శ్రీకాళహస్తి, కలంకారీ వేసే చెయ్యి. వెదురు కలంతో గుడ్డ మీద గీత లాగిందంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. ఆ చేతికి తప్ప ఇంకో చేతికి వాడు ఆ కార్లను ఇవ్వడు, నాక్కూడా.

మొన్నటి ఆయుధపూజకు నన్నూ పిలిచారు. ఆమె వంటింట్లో గుగ్గిళ్లకు తాలింపు వేస్తోంది. వాడు బయట స్కూటరుకు గుమ్మడికాయతో దిష్టి తీస్తున్నాడు. బీరువా తలుపు తెరిచే ఉంది. నాకేం పోయేకాలం వచ్చిందో, ఆల్పైన్‌ను ఎత్తి సోఫా చేతి మీద పెట్టాను. అలిపిరి దాటాను. ఒక మలుపు తిప్పాను, రెండోది తిప్పాను. మూడో మలుపులో నా వేలి ఉంగరం తగిలి టిక్కుమంది. చూస్తే అద్దం సోఫా మీద పడి ఉంది.

డిపోలో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చిన పెద్దమనిషిని నేను. "అద్దం గీసుకుంటే బస్సు దిగకముందే చెప్పండి, దాచినవాడు డ్రైవరే కాదు" అని ఎంతమంది పిల్లల మీద అరిచానో! అలాంటివాణ్ణి ఆ అద్దాన్ని చొక్కా జేబులో వేసుకుని, కారును పీట మీద పెట్టేసి, చేతులు కడుక్కుని, నైవేద్యానికి తీశాక ఆమె పెట్టిన గుగ్గిళ్లకు కూర్చున్నాను.

దామోదరం లోపలికొచ్చి హారతి ఇస్తూ ఆగిపోయాడు.

"ఏమే, దీని అద్దం యాడ?"

లోకేశ్వరి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "పొద్దున తుడిసినప్పుడు ఉండిందే!"

"ఉంటే యాడికి పోతాది? రెక్కలొచ్చినాయా? సేతులు వణుకుతుండాయంటే ముందే సెప్పాల. నీ సేతుల్ని నమ్మినా సూడు, నాకు బుద్ధి లేదు!"

పరాయివాడి ముందు అన్నాడు ఆ మాట. ఆమె గరిటె కింద పెట్టి, రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. చెప్పరా, ఇప్పుడే చెప్పు అని నా మనసు లోపల కొట్టుకుంటూనే ఉంది. నోట్లో ఉన్న శనగలు మింగి, "పోనీలేప్పా, పండగ పూట ఎందుకు" అన్నాను. ఛీ, నా బతుక్కి!

ఆ తర్వాత వాడు బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అది చూసి వేరే రోజైతే పడీ పడీ నవ్వేవాణ్ణి. నేను రెండు రోజులకోసారి వెళ్తూనే ఉన్నాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని భయం. వెళ్లినప్పుడల్లా ఆమె కలంకారీ గుడ్డ చుట్టిపెట్టినట్టే ఉంది, రంగుల ముంతలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎందుకమ్మా, పని ఆపేసినావు?" అని అడిగాను.

"నాకు తెలీకుండానే వణుకుతుండాయేమోనన్నా. ఎప్పుడు ఇరిగిందో కూడా తెలీలేదే నాకు. ఒకరి గుడ్డ పాడుసేస్తే ఎట్లా?"

"అట్లాంటిదేం లేదమ్మా. ధైర్యంగా ఉండు" అన్నాను. అద్దం అప్పుడు కూడా నా జేబులోనే, పొట్లం కట్టి ఉంది.

మూడు వారాలకు ఇక తట్టుకోలేక తెలివైన పని ఒకటి చేశాను. కళ్లజోడు కింద పడిందని వంగి, బీరువా కాలి దగ్గర అద్దాన్ని వదిలి, "ఇదేందప్పా, ఈడ మెరుస్తుండాది!" అని కేక పెట్టాను. దామోదరం నేల మీద బోర్లా పడుకుని దాన్ని పట్టకారుతో ఎత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో లోకేశ్వరి కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

"స్వామీ! దొరికితే తలనీలాలిస్తానని మొక్కుకొంటిని. విన్నావు తండ్రీ!"

నడుము దాటే జడ ఆమెది.

"శనివారం పోదాం. నువ్వూ రావాలప్పా, కంటపడింది నీకే కదా" అన్నాడు దామోదరం.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. కొండకు పూలు పెట్టుకుని పోకూడదు గనక, ఆమె జడ బోసిగా ఒడిలో పడి ఉంది. దాన్ని మాటిమాటికీ నిమురుకుంటోంది. పక్కన దామోదరం "ఈ పిల్లోడు బాగానే తిప్పుతుండాడు సూడు" అని డ్రైవర్ని మెచ్చుకుంటున్నాడు. ఈ మలుపు దాటాక చెబుదాం అనుకున్నాను, ఆ మలుపు దాటాక చెబుదాం అనుకున్నాను. చేతులారా వేలసార్లు తిప్పిన మలుపులు, ఆ రోజు ఎంత తొందరగా అయిపోయాయో!

కల్యాణకట్టలో ఆమె టోకెను తీసుకుని ఆడవాళ్ల వైపు వెళ్లిపోయింది. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా ఇంకో టోకెను తీసుకుని వెళ్లి కూర్చున్నాను. క్షురకుడు తల తడిపి, సగం గీశాక దామోదరం వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వెందుకప్పా కూసున్నావు? నీకేం మొక్కు?"

"దామోదరా, అద్దం ఇరగ్గొట్టింది నేనే."

క్షురకుడి చెయ్యి ఆగింది. దామోదరం నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

"ఎప్పుడు?"

"పండగ నాడే. నువ్వు దిష్టి తీస్తుంటే."

"మరి నేను ఆమెను తిట్టినప్పుడు?"

"ఆడనే కూసోనుంటిని. గుగ్గిళ్లు తింటా."

వాడు కొట్టి ఉంటే బాగుండేది. ఆడవాళ్ల వైపు పరుగెత్తాడు. నేనూ లేవబోయాను. క్షురకుడు నా తల వంచి పట్టుకున్నాడు. "కదలొద్దు సామీ, తెగతాది. సగం గుండుతో యాడికి పోతావు?" సిగ్గుతో చచ్చిపోతూ మిగతా సగం గీకేదాకా అలాగే కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. లోకేశ్వరి గుండు మీద చందనం ఇంకా తడిగా ఉంది. దామోదరం తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆయన సెప్పినాడన్నా" అంది.

"అమ్మా, నీ జుట్టు..."

"జుట్టుదేముండాది? మొలుస్తాది. స్వామికిచ్చిందానికి నేను ఏడవను. సేతులన్నా. ఈ మూడు వారాలు కూరలో ఉప్పేసేదానిక్కూడా నా సేతుల్ని నేను నమ్మలేదు. నువ్వేమో వచ్చి ధైర్యం సెప్పి పోతుంటివి."

నేను వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగింది. రెండు చేతులూ మా ఇద్దరి ముందుకూ చాపింది.

"సూడండి ఇద్దరూ. వణుకుతుండాయా?"

చూశాను. వేళ్లు తిన్నగా, నిశ్చలంగా ఉన్నాయి. దామోదరం చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"లేదమ్మా" అన్నాను.

"గట్టిగా సెప్పన్నా. ఆ పొద్దు ఆయన గట్టిగానే అన్నాడు కదా."

చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. "వణకడం లేదమ్మా, నీ సేతులు వణకడం లేదు" అని అరిచాను. గుండ్లు చేయించుకుని వస్తున్నవాళ్లంతా ఆగి మా వైపు చూశారు. ఆమె చేతులు ఇంకా దించలేదు, మొగుడి వైపు తిరిగి వాడి మాట కోసం నిలబడింది.