మూడో అంతస్తులో ఎవరో ఉన్నారు

"నీ దయ్యాలు ఎక్కడికీ పారిపోవులే, ముందు నా చొక్కా ఇస్త్రీ చెయ్యి," అన్నాడు భర్త బాత్రూమ్‌లోంచే.

ఆమె చేస్తూనే ఉంది. కాలర్ మీద నీళ్లు చిలకరిస్తూ, బ్యాగులో రికార్డర్ పెట్టుకున్నానా లేదా అని మూడోసారి తలుచుకుంటోంది. ఆమె పనిచేసే పత్రికలో ఆదివారం దయ్యాల పేజీ ఆమెది. ఫలానా ఇంట్లో చప్పుళ్లట, ఫలానా గదిలో ఎవరో తిరుగుతున్నారట అని ఉత్తరం వస్తే, వెళ్లి, విచారించి, ఉన్నదేదో రాయాలి. ఆఫీసులో అందరూ దయ్యాల మేడమ్ అంటారు. అత్తగారు మాత్రం ఏ పేరూ పెట్టలేదు. "పోయినవాళ్ల సంగతి తర్వాత, బతికున్నవాళ్లకి కాఫీ ఎవరిస్తారమ్మా?" అంటుంది, అంతే. అని నవ్వుతుంది కూడా, కాబట్టి కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు. నవ్వుతూ అన్న మాటకి మొహం ముడుచుకున్న కోడలి గురించి చుట్టాలందరికీ వారంలోపల తెలిసిపోతుంది.

ఆవేళ మాత్రం పొద్దున్నుంచీ ఆమె గుండెల్లో దడ. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తోంది. ఈ వారం పేజీ బాగా వస్తే పర్మనెంట్ చేయిస్తానని ఎడిటర్ మాటిచ్చాడు. బాగా రావడమంటే ఆయన దృష్టిలో రెండే రకాలు. "ఉందని రాస్తే జనం భయపడతారు. లేదని తేలిస్తే జనం నవ్వుతారు. ఏదైనా సరే. మధ్యలో వేలాడావంటే మాత్రం ఆ పేజీ ఇంకొకరికి ఇచ్చేస్తా. సాయంత్రం ఆరింటికల్లా నా టేబుల్ మీద ఉండాలి," అన్నాడు.

మధ్యలో వేలాడటం ఆమెకి సరదా కాదు. రెండేళ్ల కిందట, ఒంటరిగా ఉండే ఒక టీచరమ్మ ఇంట్లో మేడ మీది చప్పుళ్ల గురించి రాసింది. ఆవిడ పేరు రాయలేదు, వీధి పేరు రాయలేదు, ఫొటో వెయ్యలేదు. పచ్చ గేటు అని ఒక్క మాట రాసింది, చదవడానికి బాగుంటుందని. వారం తిరక్కుండా ఆ గేటు ముందు జనం. గోడలెక్కి వీడియోలు తీసేవాళ్లు, రాళ్లు విసిరి పరిగెత్తేవాళ్లు. టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. క్షమాపణ చెప్పుకుందామని ఫోన్ చేస్తే, "మీరు బాగానే రాశారమ్మా. చదివి నాక్కూడా భయమేసింది," అంది. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అప్పట్నుంచీ ఎవరినైనా విడిగా, ఒక్కరినే అడుగుతుంది. పోయిన మనిషి మాట వస్తే, ఆ మనిషి తాలూకు వాళ్లు సరేననందే అక్షరం రాయదు. పేజీ పంపేముందు, ఇది చదివాక ఆ గుమ్మం ముందు ఏం జరుగుతుందో ఒకసారి కళ్లు మూసుకుని చూసుకుంటుంది. ఈ సంగతి భర్తకి చెప్పినప్పుడు, "దయ్యాలకి కూడా పర్మిషనా?" అని అతను విరగబడి నవ్వాడు. తర్వాత అదే మాట ఫ్రెండ్స్‌కి చెప్పి వాళ్లనీ నవ్వించాడు.

చొక్కా హ్యాంగర్‌కి తగిలించి, అందరికీ పెట్టాల్సినవి పెట్టి, కడగాల్సినవి కడిగి, బయటపడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఈసారి దయ్యం ఇంట్లోది కాదు, నాలుగంతస్తుల బట్టల దుకాణంలోది. ఫ్లోర్ సూపర్‌వైజర్ తన గదిలో కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. "మూడు దాటితే మొదలు మేడమ్. మూడో అంతస్తులో, పాత సామాను గదిలో. ముందు ఏదో ఈడ్చిన చప్పుడు. తర్వాత ఆడమనిషి మూలుగు. మెట్ల మీద నిలబడి నా చెవులారా విన్నాను. మళ్లీ ఆ పక్కకి వెళితే ఒట్టు."

"ఎలా మూలుగుతోందో ఒకసారి చేసి చూపిస్తారా?"

అతను సిగ్గుపడి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "హమ్మ్... అయ్య్..." అన్నాడు. ఆ మూలుగు ఎక్కడో విన్నట్టే అనిపించింది కానీ, ఎక్కడో గుర్తు రాలేదు.

"ఎవరిదంటున్నారు?"

"పిల్లల బట్టల సెక్షన్లో ఒకావిడ చేసేది. నిరుడు పోయింది. ఆవిడే అయ్యుంటుంది. కూతురు కింద బిల్లింగ్‌లో ఉందిగా, పేరు రాసుకోండి."

ఆమె రాసుకోలేదు.

పైన చెయ్యి విరిగిన బొమ్మలు, తల లేని బొమ్మలు, అట్టపెట్టెలు. ఎక్కడికి వెళ్లినా ఆమె ముందు దుమ్ము చూస్తుంది, ఎందుకంటే దయ్యాలు దుమ్ము తుడవవు. ఇక్కడ అన్నిటి మీదా వేలు మందాన దుమ్ము ఉంది, బొమ్మల వెనకున్న ప్లాస్టిక్ స్టూలు మీద తప్ప. దాని పక్కన నొప్పులకి రాసుకునే బామ్ డబ్బా, సగం ఖాళీది. స్టూలు ఈడ్చి చూసింది. సూపర్‌వైజర్ చెప్పిన చప్పుడు అదే. సరే, కూర్చుంటే ఏమవుతుందో చూద్దామని రికార్డర్ ఆన్ చేసి కూర్చుంది. పొద్దున ఐదింటి నుంచీ నిలబడే ఉన్న కాళ్లు ఒక్కసారిగా సడలాయి.

"హమ్మయ్య," అంది.

అని, బిగుసుకుపోయింది. ఆ మూలుగు ఇదే! దయ్యం అంటున్నది హమ్మయ్య అని! సూపర్‌వైజర్‌కి అది మూలుగులా వినిపించిందంటే అతని తప్పు కూడా కాదేమో. ఆ మాటని ఆడవాళ్లు మనసారా అనేది చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడే. తన ఇంట్లో తనెప్పుడైనా అందా? వంటింటి గట్టుకి ఒక్క నిమిషం ఆనుకుంటే చాలు, "ఒంట్లో బాగాలేదా?" అని అత్తగారు అడుగుతుంది. బాగున్న ఆడమనిషి ఆనుకోదని ఆవిడ నమ్మకం.

గుమ్మంలో అలికిడైంది. నలభై ఐదేళ్ల మనిషి, దుకాణం యూనిఫాంలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కింద అమ్మాయిలంతా పెద్దక్క అని పిలుస్తున్నది ఈవిడనే.

"అది నా పది నిమిషాలమ్మా," అంది పెద్దక్క నెమ్మదిగా. అంతలోనే రికార్డర్ చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "పేపర్లో వేసేస్తారా?"

ఆమె రికార్డర్ ఆపేసి, లేచి స్టూలు చూపించింది. పెద్దక్క కూర్చోలేదు. నిలబడే గబగబా చెప్పింది. "తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలమ్మా. కొనేవాళ్లు లేకపోయినా సరే. గోడకి ఆనుకుంటే సూపర్‌వైజర్ కెమెరాలో చూసి మైకులో పేరు పెట్టి పిలుస్తాడు. స్టూళ్లు కావాలని ఒకమ్మాయి అర్జీ రాసింది, మర్నాటి నుంచి రావద్దన్నారు. ఈ గదిలో కెమెరా లేదు. ఓ రోజు నేను స్టూలు జరుపుకుంటుంటే ఆయన విని, దయ్యమని ఒకటే పరుగు. మేం కాదనలేదు. మేం చేసిన తప్పు అదొక్కటే. ఇరవై ఎనిమిది మందిమి, వంతులేసుకున్నాం."

"మరి ఆ పోయినావిడ?"

"అది కూడా ఆయన అంటగట్టిందే. వాళ్లమ్మాయి మొహం చూడాలంటే మాకు ప్రాణం పోయినంత పనైంది."

బిల్లింగ్ దగ్గర ఆ పిల్ల నిలబడే కంప్యూటర్ మీటలు నొక్కుతోంది. పక్కన ఎవరూ లేని క్షణం చూసి ఆమె దగ్గరికి వెళ్లి, ఎలా మొదలుపెట్టాలా అని తడబడింది. ఆ పిల్లే అందుకుంది.

"పైన ఎవరూ లేరని నాకు తెలుసు మేడమ్. నాలుగుంపావుకి నా వంతు." తల ఎత్తకుండా అంది. "మొదట్లో ఏడ్చాను. ఇక ఎవరూ పైకెళ్లం, ఆపేస్తాం అంది పెద్దక్క. నేనే వద్దన్నాను. మా అమ్మ ఇక్కడ పదకొండేళ్లు చేసింది, ఒక్కరోజు కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంటోందని అనుకుంటున్నారుగా, అనుకోనివ్వండి. పేపర్లో మాత్రం వద్దు."

వెళ్లేముందు ఆమె పెద్దక్కకి తన ఫోన్ నంబర్ ఇచ్చింది. "స్టూళ్ల గురించి రాయమని మీరంతా అనుకున్న రోజు ఫోన్ చెయ్యండి. అది దయ్యాల పేజీలో రాయాల్సింది కాదు."

"అప్పటికి మీరు అక్కడుంటారా అమ్మా?"

ఆమె రికార్డర్ బ్యాగులో పడేసుకుని బయటికొచ్చేసింది.

ఐదున్నర. దుకాణం ముందు పేవ్‌మెంట్ మీద నిలబడి కళ్లు మూసుకుంది. ఉందని రాస్తే, రేపటికల్లా మెట్ల నిండా ఫోన్లు పట్టుకున్న జనం. లేదని రాస్తే, మొదట దొరికేది ఆ స్టూలే. ఉన్నదున్నట్టు రాస్తే ఇరవై ఎనిమిది మంది వీధిన పడతారు. ఎటు తిప్పి చూసినా ఆ గదికి తాళం పడుతుంది. అలాగని ఆమె త్యాగమూర్తేం కాదు, ఆ ఉద్యోగం ఆమెకి కావాలి. ఇంట్లో ఒక్కరోజైనా తల ఎత్తుకుని, నాకూ ఆఫీసుంది అని చెప్పుకోవడానికి కావాలి. "ఆరేళ్లు దయ్యాల వెంట తిరిగి, చివరికి అదీ లేదా?" అని భర్త అనబోయే మాట ఇప్పుడే, అతని గొంతుతో సహా వినిపిస్తోంది. భయమేసింది. ఫోన్ మోగింది.

"ఏమైంది? ఉందా, లేదా?" అన్నాడు ఎడిటర్.

"ఈ వారం పేజీ రాదు సార్. పోయినావిడ కూతురు వద్దంది. నేను రాయను, దయచేసి ఇంకెవరినీ పంపకండి."

"నీ పర్మనెంట్ సంగతి గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"ఏమిటమ్మా ఇది, దయ్యాన్ని చూసి జడుసుకున్నావా?"

"జడుసుకునే ఉన్నాను సార్, పొద్దున్నుంచీ," అందామె. "పదకొండేళ్ల తర్వాత ఒక మనిషి కూర్చుంది. ఆవిడని లేపడం నావల్ల కాదు."